హద్దులు గీసుకున్న దుఃఖం: యూదుల అంత్యసంస్కారాలు రూపుదిద్దుకున్న తీరు

యూదులు తమ మృతులను సాగనంపే పద్ధతి ఒక్కనాడు, ఒక్కచోట, ఒక్క గ్రంథం ఆజ్ఞ మేరకు ఏర్పడినది కాదు. ఆదికాండములోని పితరుల ఆచారాలు గ్రంథస్థమైన కాలానికీ, ప్రాగ్, బెర్లిన్ నగరాల యూదులు తమ ఆచారాల గురించి తర్జనభర్జనలు పడిన పద్దెనిమిదో శతాబ్దికీ మధ్య రెండు వేల ఏళ్లకు పైబడిన కాలం గడిచింది. ఆ కాలంలో ఈ ప్రజలు రాజ్యాన్ని, రెండుసార్లు దేవాలయాన్ని, చివరకు స్వదేశాన్ని కోల్పోయి, యూఫ్రటీసు తీరం నుండి రైన్ తీరం వరకు పరాయి ప్రభువుల నేలమీద కాపురముండి, వెళ్లిన ప్రతిచోటా తమ మరణవిధులకు కొంత కలుపుకొని కొంత వదులుకున్నారు. గత భాగంలో ప్రస్తావించిన క్రీ.శ. 70 నాటి దేవాలయ విధ్వంసం తరువాత సమాజ నాయకత్వం క్రమంగా పురోహితుల చేతినుండి రబ్బీల చేతికి, అంటే ధర్మశాస్త్రాన్ని బోధించి వ్యాఖ్యానించే పండితుల చేతికి వచ్చింది. ఈ రబ్బీలు అంత్యసంస్కారాల విషయంలో రెండు సంగతులపై గట్టిగా నిలబడ్డారు. శవం ముందు ధనికునికీ పేదకూ తేడా కనిపించరాదన్నది మొదటిది. దుఃఖానికి ఒక ఆరంభం, కొన్ని మెట్లు, ఒక ముగింపు ఉండాలన్నది రెండోది. ఈ రెండింటిలో ఏదీ మూలగ్రంథంలో సూటిగా లేదు. తరాల తరబడి పట్టుబట్టి సాధించుకున్నవి అవి.

తోరా, అంటే మోషే పేరుతో ప్రసిద్ధమైన ఐదు కాండాల సంపుటి, బలులకూ పండుగలకూ ఆహారనియమాలకూ ఎన్నో అధ్యాయాలు కేటాయించింది గాని, మృతదేహాన్ని ఎలా కడగాలో, ఏ వస్త్రం తొడగాలో, ఎన్నాళ్లు ఏడవాలో ఎక్కడా విధిగా చెప్పలేదు. ఉన్నవల్లా కథల మధ్య కనిపించే ఆచారాలు. శారా మరణించినప్పుడు అబ్రాహాము హెబ్రోనులో హిత్తీయుడైన ఎఫ్రోను వద్ద మక్పేలా గుహను 400 తులాల వెండికి కొన్నాడు. ఊరకే ఇస్తామన్నా ఒప్పుకోక, ఊరివారందరి ఎదుట తూచి సొమ్ము చెల్లించిన ఆ వైనం భూమి దస్తావేజంత వివరంగా సాగుతుంది, ఎందుకంటే పరదేశిగా బతుకుతున్న మనిషికి తనవారిని పాతిపెట్టుకునే చోటుపై తిరుగులేని హక్కు ఉండడం అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రక్తంలో ముంచిన యోసేపు అంగీని చూసిన యాకోబు బట్టలు చింపుకొని గోనెపట్ట కట్టుకున్నాడు. ఆ యాకోబే ఐగుప్తులో కన్నుమూసినప్పుడు ఐగుప్తీయులు అతని దేహాన్ని సుగంధద్రవ్యాలతో సిద్ధపరచి డెబ్బై దినాలు అంగలార్చగా, యోసేపు తండ్రి కోసం ఏడు దినాలు దుఃఖం సలిపాడు. చచ్చినవారి కోసం దేహాన్ని కోసుకోరాదని, తల ముందుభాగం గొరిగించుకోరాదని ఒక నిషేధం ఉంది. మరణశిక్షకు గురై మ్రానున వేలాడదీయబడిన నేరస్థుని శవాన్ని రాత్రంతా ఉంచక ఆనాడే పాతిపెట్టాలని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. నేరస్థునికే ఆ మర్యాద దక్కుతున్నప్పుడు మిగిలినవారికి ఎందుకు దక్కదని తర్కించి, చనిపోయిన రోజునే ఖననం జరగాలన్న నియమాన్ని రబ్బీలు ఆ వాక్యం మీదనే నిలబెట్టారు. ఈ తొందర వెయ్యిన్నర ఏళ్ల తరువాత ఎంతటి వివాదానికి దారితీసిందో ఈ భాగం చివర కనిపిస్తుంది.

గ్రంథం చెప్పనిదాన్ని తవ్వకాలు కొంత చెబుతాయి. యూదా రాజ్యకాలపు కుటుంబ సమాధులు రాతిలో తొలిచిన గుహలు. లోపల గోడల పొడవునా అరుగులు, వాటి కింద ఒక గుంట ఉండేవి. కొత్తగా చనిపోయినవారిని అరుగుమీద పడుకోబెట్టి, మాంసం శిథిలమైన తరువాత ఎముకలను ఆ గుంటలో తాతముత్తాతల ఎముకలతో కలిపేవారు. చనిపోవడమంటే పితరుల యొద్దకు చేర్చబడడమని బైబిలు అనడంలో అక్షరార్థం ఎంత ఉందో ఈ గుహలు చూస్తే తెలుస్తుంది. 1979లో యెరూషలేములోని కెతెఫ్ హిన్నోమ్ వద్ద గేబ్రియల్ బార్కాయ్ జరిపిన తవ్వకాలలో అలాంటి గుంటలోనే రెండు చిన్న వెండి రేకుల చుట్టలు దొరికాయి, క్రీ.పూ. ఏడో శతాబ్ది చివర లేదా ఆరో శతాబ్ది ఆరంభానికి చెందిన ఆ రేకులపై చెక్కిన పురోహితుల ఆశీర్వచనం, బైబిలు పాఠానికి నేటివరకు లభించిన అతిప్రాచీనమైన ఆనవాలు. మృతుల వెంట ఉంచిన తాయెత్తులే గ్రంథచరిత్రకు ఇంతటి సాక్ష్యం కావడం గుర్తుంచుకోదగిన విషయం.

హేరోదు కాలం నాటికి యెరూషలేము సంపన్నులలో ఎముకలను కలిపేసే పద్ధతి మారి, సుమారు ఏడాది తరువాత వాటిని ఏరి ఒక్కొక్కరివి విడిగా సున్నపురాతి పెట్టెలో భద్రపరచే ఆచారం వచ్చింది. తొడ ఎముక పట్టేంత పొడవుతో, గులాబీ పువ్వుల చెక్కడాలతో, పక్కన పేర్లు గీకి ఉన్న ఇలాంటి అస్థిపేటికలు యెరూషలేము చుట్టుపట్ల వందలకొద్దీ దొరికాయి. 1990లో నగరానికి దక్షిణాన బయటపడిన సమాధిలోని ఒక పేటికపై కయప కుమారుడైన యోసేపు అన్న పేరు ఉండడం వల్ల, యేసు విచారణ సందర్భంలో సువార్తలు పేర్కొన్న ప్రధాన యాజకుడు కయపదే అది కావచ్చునని చాలామంది పండితులు భావిస్తున్నారు. ఈ అలంకారాలన్నీ డబ్బున్నవారి సంగతి. క్రీ.పూ. 4లో హేరోదు శవం రత్నాలు పొదిగిన బంగారు శయ్యమీద, సుగంధద్రవ్యాలు మోసే 500 మంది సేవకులతో ఊరేగిందని జోసీఫస్ అనే మొదటి శతాబ్ది యూదు చరిత్రకారుడు రాశాడు. అతని కుమారుడు అర్కెలాయు ఏడు రోజులు దుఃఖం పాటించి జనానికి గొప్ప విందు చేశాడని చెబుతూ, ఈ విందు ఆచారం యూదులలో ఎందరినో దరిద్రం పాలు చేస్తోందని, పెట్టకపోతే భక్తిలేనివారిగా లోకం చూస్తుందన్న భయంతో పెడుతున్నారని ఆయనే వ్యాఖ్యానించాడు. చావుఖర్చు బతికున్నవారిని ముంచుతున్నదన్న మాట అలా మొదటి శతాబ్దిలోనే రాతపూర్వకంగా కనిపిస్తుంది.

ఈ నేపథ్యంలోనే రబ్బాన్ గమలీయేలు చేసిన సంస్కరణను చూడాలి. అపొస్తలుల కార్యములలో కనిపించే, పౌలుకు గురువైన గమలీయేలుకు ఈయన మనుమడని, దేవాలయం కూలిన తరువాత యవ్నె పట్టణంలో పండితసభకు నాయకుడైన రెండో గమలీయేలని పండితులు సాధారణంగా గుర్తిస్తారు. ఒకప్పుడు బంధువులకు మరణంకన్నా శవాన్ని సాగనంపే ఖర్చే భారమై, కొందరు శవాన్ని వదిలేసి పారిపోయేవారని, గమలీయేలు తన హోదాను పక్కనబెట్టి తనను సాదా అవిసెనార వస్త్రంలో తీసుకుపోవాలని ఏర్పాటు చేసుకున్నాడని, ఆనాటినుండి జనమంతా అదే పద్ధతి పట్టుకున్నారని తల్ముద్ చెబుతుంది. తల్ముద్ అంటే ఆరో శతాబ్ది నాటికి బాబిలోనియాలో దాదాపు తుదిరూపం దాల్చిన ధర్మచర్చల మహాసంపుటి. నాలుగో శతాబ్ది పండితుడు రావ్ పాపా తన కాలానికి ఒక్క జూజ్ నాణెం విలువచేసే ముతకబట్ట సరిపోతోందని దానికి చేర్చాడు. సంస్కరణ చట్టం ద్వారా జరగలేదు; పెద్దమనిషి తన శవాన్నే ఉదాహరణగా ఇచ్చి తెచ్చినది. బోధించేవారికీ పాలించేవారికీ ఇంతకన్నా ఖరీదైన ఉదాహరణ ఇవ్వడం సాధ్యం కాదు.

ఆ వరుసలోనే తల్ముద్ మరికొన్ని మార్పులను నమోదు చేసింది. దుఃఖంలో ఉన్న ఇంటికి ధనికులైతే వెండి, బంగారు బుట్టలలోను, పేదలైతే ఒలిచిన పేము బుట్టలలోను భోజనం పంపేవారు. పేదలు సిగ్గుపడుతుంటే అందరూ పేము బుట్టలలోనే పంపాలని నిర్ణయించారు. ధనికులకు తెల్లని గాజుపాత్రలు, పేదలకు రంగు గాజుపాత్రలు ఉండే పద్ధతి పోయి అందరికీ రంగు గాజే వచ్చింది. ధనికుల శవాల ముఖాలు తెరచి, కరవుకు నల్లబడిన పేదల ముఖాలు కప్పి తీసుకుపోతుండగా, అందరి ముఖాలూ కప్పాలని కట్టడి చేశారు. ధనికుల శవాలు అలంకరించిన మంచంమీద, పేదల శవాలు మామూలు పాడెమీద పోతుండగా అందరికీ పాడెనే ఖాయం చేశారు. ఈ నిర్ణయాలన్నిటిలోనూ ఒకే దిశ ఉంది. పేదను పైకెత్తే ప్రయత్నానికి సమాజం దగ్గర సొమ్ము చాలదని ఆ పండితులకు తెలుసు. అందుచేత వారు ధనికుణ్ణి కిందికి దించారు. దానధర్మాలలో కనిపించని ఒక సున్నితత్వం ఇందులో ఉంది. ఆకలి తీర్చడం ఒక ఎత్తు, కప్పిన ముఖాల మధ్య ఏది ఆకలికి కమిలినదో పోల్చుకోలేకుండా చేయడం మరో ఎత్తు.

అయితే ఆచరణ వెంటనే మారిపోయిందని అనుకోరాదు. మిష్నా అనే తొలి ధర్మసంకలనంలో, భార్య చనిపోతే ఇశ్రాయేలులోని నిరుపేద సైతం రెండు పిల్లనగ్రోవులకు, రోదనం చేసే ఒక స్త్రీకి తక్కువ కాకుండా ఏర్పాటు చేయాలని రబ్బీ యెహూదా అభిప్రాయం ఉంది. ఆ మిష్నాను కూర్చిన యెహూదా హనాసీ మూడో శతాబ్ది ఆరంభంలో మరణించి, గలిలయలోని బేత్ షెఆరీమ్‌లో సమాధి అయ్యాడు. ఆయన చుట్టూ సమాధి కావాలన్న ఆశతో దూరదేశాల సంపన్నులు సైతం అక్కడ గుహలు తొలిపించుకొని, సింహాలు, గద్దలు చెక్కిన రాతి శవపేటికలలో పడుకున్నారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన ఆ స్థలం గమలీయేలు ఆదర్శానికి ఎదురుసాక్ష్యమే. హనాసీ మాత్రం తనకు ఎక్కువ వస్త్రాలు చుట్టవద్దని, పేటిక అడుగున నేల తగిలేలా రంధ్రం చేయాలని ఆదేశించాడని యెరూషలేము తల్ముద్ పేర్కొంటుంది. ఇశ్రాయేలు దేశానికి వెలుపల యూదులు చెక్కపేటికల అడుగున నేటికీ రంధ్రాలు చేయడం, మన్ను మన్నులో కలవడానికి అడ్డు ఉండరాదన్న ఆ కోరిక కొనసాగింపే.

దుఃఖానికి మెట్లు కట్టడం ఇంతకన్నా సూక్ష్మమైన పని. రబ్బీల లెక్కలో తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేక భర్త అన్న ఏడు సంబంధాలకే విధిగా దుఃఖం పాటించాలి. ప్రాణం పోయిన క్షణం నుండి ఖననం దాకా ఆ బంధువు 'ఓనెన్' అవుతాడు. శవం ఎదురుగా ఉండగా మనసు మరోదానిపై ఉండదు గనుక ప్రార్థనలతో సహా చేయవలసిన ధర్మవిధులన్నిటి నుండి అతనికి మినహాయింపు ఉంటుంది, ఓదార్పు మాటలు కూడా ఆ వేళ పనికిరావు. ఖననం వేళ వస్త్రాన్ని చింపుకోవాలి. తల్లిదండ్రుల కోసమైతే గుండె మీదుగా ఎడమవైపు చింపాలి, ఆ చిరుగును మళ్లీ చక్కగా అతికి కుట్టరాదు. యాకోబు ఆవేశంలో చేసినదాన్ని రబ్బీలు ఇలా కొలిచి, నిలబడి చేసే విధిగా మార్చారు; దేహాన్ని కోసుకోవడాన్ని నిషేధించిన ధర్మం ఆ కోత బట్టమీద పడేలా చూసిందనిపిస్తుంది.

సమాధి పూడ్చి ఇల్లు చేరగానే 'షివా' మొదలవుతుంది. ఆ ఏడు దినాలు దుఃఖితులు ఇల్లు కదలక, తోలు చెప్పులు తొడగక, స్నానానికీ పనికీ దూరంగా, నేలమీద గాని ఎత్తు తక్కువ పీటమీద గాని కూర్చుంటారు. మొదటి భోజనం సొంత ఇంటిది కారాదు, ఇరుగుపొరుగువారు తేవాలి. అందులో గుడ్లు, మసూరు గింజలు ఉంటాయి. పగులు లేని మసూరు గింజకు నోరు లేనట్టే దుఃఖితునికీ నోరు ఉండదని తల్ముద్ పండితులు దానికి వ్యాఖ్య చెప్పారు. ఓదార్చవచ్చినవారు దుఃఖితుడు పలకరించేదాకా నోరు విప్పరాదన్నది యోబు మిత్రులనుండి తీసుకున్న నియమం. ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతని పక్కన మౌనంగా కూర్చున్నంతకాలం వారు మంచి మిత్రులు, మాటలు మొదలుపెట్టిన తరువాతే తప్పుదారి పట్టారు. ఏడు దినాల తరువాత ముప్పై దినాలు నిండేదాకా క్షౌరం, ఇస్త్రీ బట్టలు ఉండవు. తల్లిదండ్రుల విషయంలో మాత్రం వేడుకలకు దూరంగా పన్నెండు నెలలు గడపాలి. ఏడ్వడానికి మూడు రోజులు, మృతుని గుణాలు తలచుకోవడానికి ఏడు రోజులు, కేశాలూ వస్త్రాలూ విడిచిపెట్టడానికి ముప్పై రోజులు అని లెక్కగట్టిన తల్ముద్, అంతకుమించి ఏడ్చేవాడు మృతునిపై దేవునికన్నా ఎక్కువ జాలి చూపబోతున్నట్టు అవుతుందని మందలిస్తుంది. ఈ మధ్యలో విశ్రాంతిదినం వస్తే దుఃఖాన్ని బయటికి చూపరాదు. పెద్ద పండుగ వస్తే మిగిలిన షివా మొత్తం రద్దవుతుంది. సమాజమంతటి సంతోషం ముందు ఒక ఇంటి దుఃఖం తగ్గి నిలవాలన్న ఈ నియమం కఠినంగానే ఉంటుంది.

తెలుగునాట పది దినాల మైలకూ సంవత్సరీకానికీ అలవాటుపడిన పాఠకులు ఇక్కడొక తేడా గమనించాలి. యూదు ధర్మంలో శవస్పర్శ వల్ల కలిగే అశుచి వేరు, దుఃఖవిధి వేరు. అశుచి సంగతి దేవాలయంతో ముడిపడినది. దేవాలయం లేకపోయాక అది ముఖ్యంగా అహరోను వంశీకులైన కోహెన్‌లు శ్మశానాలలో అడుగుపెట్టకపోవడంలోనూ, శ్మశానం విడిచి వచ్చేవారు చేతులు కడుక్కోవడంలోనూ మిగిలింది. షివా పాటించే ఇల్లు అంటరానిది కాదు. పదిమంది చేరి ప్రార్థన జరిపే స్థలం అవుతుంది. కాలక్రమంలో రాలిపోయిన ఆచారాలూ ఉన్నాయి. తల్ముద్ కాలంలో దుఃఖితుడు ఇంట్లోని మంచాలన్నీ తిరగవేసేవాడు, ముఖం సగం కప్పేలా తలకు వస్త్రం చుట్టుకునేవాడు. మధ్యయుగ ఐరోపాలో తిరగబడిన మంచాలను చూసి ఇరుగుపొరుగు క్రైస్తవులూ సేవకులూ క్షుద్రవిద్యగా అనుమానిస్తారన్న భయంతో మొదటిది, నవ్వుతారన్న సంకోచంతో రెండోది మానుకున్నారని ఆనాటి వ్యాఖ్యాతలు రాశారు. అల్పసంఖ్యాకుల దుఃఖానికి పక్కవారి చూపు కూడా హద్దు గీస్తుంది.

1096లో రైన్ తీరపు యూదులకు ఆ చూపు కత్తిగా మారింది. యెరూషలేమును విడిపించడానికని బయలుదేరిన మొదటి శిలువయుద్ధపు గుంపులు ఆ ఏడాది మే నెలలో ష్పైయర్, వోర్మ్స్, మైన్జ్ నగరాల యూదులపై పడ్డాయి. బాప్తిస్మమో చావో అన్న బెదిరింపు ఎదురైనప్పుడు ఎందరో తల్లిదండ్రులు పిల్లలను తమ చేతులతోనే చంపి తామూ చచ్చిపోయారని హెబ్రీ వృత్తాంతాలు చెబుతాయి. ఇన్ని చావులకు షివా చేసే బంధువులు కూడా మిగలలేదు. హతుల పేర్లను గ్రంథాలలో రాసి సమాజగృహంలో చదివే ఆచారం ఈ ప్రాంతంలోనే బలపడింది. 1296లో మొదలుపెట్టిన న్యూరెంబర్గ్ స్మృతిగ్రంథం వాటిలో ప్రసిద్ధమైనది. చనిపోయిన తిథినాడు ఏటా దీపం పెట్టి ప్రార్థించే ఆచారం సైతం ఇక్కడి యూదులదే. దాని పేరు 'యార్‌ట్‌సైట్' జర్మను మాటే.

'కద్దీష్' దుఃఖితుల ప్రార్థనగా మారినది కూడా ఈ నేలమీదే, ఈ శతాబ్దాలలోనే. చాలావరకు అరామిక్ భాషలో ఉన్న ఈ ప్రార్థన అంతకుముందు ధర్మప్రసంగాల తరువాత చెప్పుకునేది. దేవుని నామం ఘనమగుగాక, ఆయన రాజ్యం త్వరగా వచ్చుగాక అన్న కోరికే తప్ప అందులో చావు మాట గాని, చనిపోయినవారి ప్రస్తావన గాని లేదు. పాపియైన తండ్రికి పరలోకశిక్ష తప్పించడానికి రబ్బీ అకీవా అతని కొడుకును వెతికి పట్టుకొని చదువు చెప్పి, సమాజంలో దేవుణ్ణి స్తుతింపజేశాడన్న కథ మధ్యయుగాలలో విస్తారంగా వ్యాపించి, అనాథ బాలురు కద్దీష్ చెప్పే ఆచారానికి ఆధారమైంది. వియెన్నాకు చెందిన ఐజాక్ బెన్ మోషే పదమూడో శతాబ్దిలో దాన్ని నమోదు చేశాడు. దుర్మార్గుల శిక్ష పన్నెండు నెలలన్న మిష్నా మాట వల్ల, పూర్తిగా పన్నెండు నెలలు కద్దీష్ చెబితే తండ్రిని దుర్మార్గునిగా ఒప్పుకున్నట్టవుతుందని పదకొండు నెలలకే ఆపే పద్ధతి వచ్చింది. పదహారో శతాబ్దిలో క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సెర్లెస్ దాన్ని స్థిరపరిచాడు. పదిమంది వయోజన పురుషులు లేనిదే కద్దీష్ చెప్పరాదన్న నియమమే దాని అసలు బలం. తండ్రిని పోగొట్టుకున్నవాడు పదకొండు నెలలపాటు ప్రతిరోజూ ఇల్లు విడిచి నలుగురిలోకి రావలసిందే, ఆ నలుగురూ అతని కోసం నిలబడి బదులు పలకవలసిందే. ఈ బలం కొడుకులకే దక్కడం మాత్రం దాని లోపం. 1916లో అమెరికాలో హెన్రియెటా సోల్డ్ తల్లి చనిపోయినప్పుడు, ఆమెకు కుమారులు లేరు గనుక తాను కద్దీష్ చెబుతానని ముందుకొచ్చిన కుటుంబమిత్రునికి, కృతజ్ఞతతోనే కాదని, అది కూతురుగా తానే చెబుతానని రాసిన ఉత్తరం ఆ వాదానికి నేటికీ ప్రమాణంగా నిలిచింది.

వోర్మ్స్‌లో పదకొండో శతాబ్ది రాళ్లతో ఇప్పటికీ నిలిచివున్న శ్మశానం ఐరోపాలో అదే స్థలంలో మిగిలిన యూదు శ్మశానాలలో అతిప్రాచీనమైనది. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు రాళ్లకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఆనాటి జర్మను యూదులకు మహాపండితుడైన రోథెన్‌బర్గ్ మెయిర్ 1286లో దేశం విడిచిపోతూ పట్టుబడి, హాబ్స్‌బర్గ్ రాజు రూడోల్ఫ్ చెరలో పడ్డాడు. యూదులు చక్రవర్తి సొత్తు, వారి పన్నులు చక్రవర్తి ఆదాయం గనుక వారి వలసను రాజు దొంగతనంగా చూశాడు. తనకోసం పెద్ద మొత్తం చెల్లిస్తే ప్రతి పండితుణ్ణీ ఇలాగే పట్టి సొమ్ము గుంజుతారని మెయిర్ విడుదలకు ఒప్పుకోలేదని సంప్రదాయం చెబుతుంది. 1293లో ఆయన చెరలోనే మరణించాక శవాన్ని సైతం ఇవ్వకుండా పద్నాలుగేళ్లు అట్టిపెట్టారు. చివరకు 1307లో అలెగ్జాండర్ బెన్ సలోమోన్ వింప్‌ఫెన్ అనే ధనికుడు సొమ్ము చెల్లించి ఆ అస్థికలను విడిపించి, తనను ఆయన పక్కన పాతిపెట్టాలన్న ఒక్క కోరిక కోరాడు. ఆ కోరిక తీరింది. మృతుడు తిరిగి మేలు చేయలేడు గనుక మృతునికి చేసే సేవే నిజమైన దయ అని యూదు ధర్మం చెప్పేదానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు దొరకదు. మెయిర్ మరణించిన పదమూడో శతాబ్దానికే చెందిన యూదు సమాధిరాయి భారతదేశంలోనూ ఒకటి ఉంది. కేరళలోని చేందమంగళంలో 1269 నాటి సారా అనే స్త్రీ సమాధిరాయి, ఈ దేశంలో లభించిన హెబ్రీ శాసనాలలో ప్రాచీనమైనదిగా పేరొందింది.

మృతుల సేవను బంధువుల నుండి తీసుకొని ఊరి బాధ్యతగా చేసిన వ్యవస్థ 'హెవ్రా కదిషా', అంటే పవిత్ర సంఘం. దీని బీజం తల్ముద్‌లోనే ఉంది. రావ్ హమ్నూనా అనే పండితుడు ఒక ఊరికి వెళ్లినప్పుడు, మరణాన్ని చాటే కొమ్ముబూర వినిపించినా జనం పనులు మానకపోవడం చూసి వారిని వెలివేయబోయాడు. శవసేవకు ఊళ్లో జట్లు ఉన్నాయని, వంతులవారీగా చూసుకుంటాయని తెలిసి ఊరుకున్నాడు. ప్రాగ్ నగరంలో 1564లో ఏర్పడిన సంఘం ఆధునిక కాలపు సంఘాలకు నమూనా అయింది. దాని నియమావళిని తరువాత ఆ నగరపు మహాపండితుడు యెహూదా లోవ్ తీర్చిదిద్దాడు. 1626లో మాంటువాలో అచ్చయిన ఆరోన్ బెరెఖ్యా గ్రంథం 'మఅవర్ యబ్బోక్' మరణశయ్య దగ్గర, శవస్నానం వేళ చెప్పవలసిన ప్రార్థనలను సమకూర్చి ఈ సంఘాలన్నిటికీ కరదీపిక అయింది.

ప్రాగ్ సంఘం 1772 ప్రాంతంలో తన పనిని ఘట్టాలవారీగా చిత్రాలుగా గీయించి తన సభామందిరంలో పెట్టుకుంది. ఆ నగరపు యూదు మ్యూజియంలో ఉన్న ఆ వరుసలో రోగిని పరామర్శించడం నుండి శవపేటిక చేయడం, గుంత తవ్వడం, శ్మశానం నుండి తిరిగివస్తూ చేతులు కడుక్కోవడం దాకా అన్నీ కనిపిస్తాయి. శవస్నానాన్ని 'తహారా' అంటారు. మగవారి దేహాన్ని మగవారు, ఆడవారి దేహాన్ని ఆడవారు, ఎప్పుడూ పూర్తిగా వివస్త్రను చేయకుండా కడిగి, తొమ్మిది 'కావ్'ల కొలత నీటిని ధార తెగకుండా పోస్తారు. తరువాత జేబులు లేని తెల్లని నారబట్టలు తొడిగి, పురుషునికి అతని ప్రార్థనాశాలువ ఒక కుచ్చు తెంపి కప్పి, పనిలో జరిగిన ఏ అమర్యాదనైనా మన్నించమని మృతుణ్ణి పేరుపెట్టి వేడుకుంటారు. శవాన్ని ఖననం దాకా ఒంటరిగా వదలక కావలివారు కీర్తనలు చదువుతూ కూర్చుంటారు. మోషే చనిపోయిన తిథిగా సంప్రదాయం చెప్పే అదార్ నెల ఏడో రోజున సంఘసభ్యులు ఉపవాసముండి, ఆ రాత్రి కలిసి భోజనం చేసేవారు. ఊళ్లోని పెద్ద వర్తకులు సైతం శవం కడిగే ఈ పనికి వరుసలో నిలబడడం, దాన్ని గౌరవంగా భావించడం ఏ సమాజానికైనా ఆదర్శప్రాయమే. శ్మశానంపై ఒక్క సంఘానికే హక్కు ఉండడం వల్ల, అది బ్రతికున్నప్పుడు దానం చేయని ధనికుని వారసుల నుండి భారీగా రుసుము రాబట్టే సాధనంగా మారిన ఊళ్లూ ఉన్నాయి. గమలీయేలు తొలగించిన చావుఖర్చు ఆ రూపంలో మళ్లీ తలెత్తింది.

ప్రాగ్ పాత శ్మశానంలో 1439 నాటి పండితుడు అవిగ్దోర్ కారా రాయి మొదలు 1787 దాకా మృతులను పాతిపెట్టారు. యూదులకు అదనపు స్థలం దొరకదు, సమాధులను కదిలించడం ధర్మం ఒప్పుకోదు. అందుచేత పాత సమాధులపై మన్ను పోసి కొత్తవి తవ్వుతూ, కొన్నిచోట్ల పది పన్నెండు పొరల దాకా పోయారు. కింది పొరల రాళ్లను కూడా పైకి తెచ్చి పాతడం వల్ల సుమారు 12,000 రాళ్లు ఒకదానిపై ఒకటి ఒరిగి నిలిచాయి. నగరం లోపల ఖననాలను చక్రవర్తి రెండో యోసేఫ్ నిషేధించడంతో అక్కడ పని ఆగిపోయింది. మరణవిధులలో ప్రభుత్వం జోక్యం చేసుకునే కాలం వచ్చింది.

ఆ జోక్యం మొదట పెద్ద గొడవగా మారినది జర్మనీలో. బతికుండగానే పాతిపెడతారన్న భయం ఐరోపా అంతటా పాకిన రోజులలో, 1772లో మెక్లెన్‌బర్గ్-ష్వెరిన్ డ్యూక్ యూదులు ఖననానికి మూడు రోజులు ఆగాలని ఆజ్ఞ జారీచేశాడు. కలవరపడిన ష్వెరిన్ యూదులు సాయం కోసం ఇద్దరిని ఆశ్రయించారు: ఆల్టోనాలోని పండితుడు యాకోబ్ ఎమ్డెన్, బెర్లిన్‌లోని తత్త్వవేత్త మోజెస్ మెండెల్‌సన్. వైద్యుని ధ్రువీకరణ ఉంటే చాలునన్న రాజీని సూచిస్తూ మెండెల్‌సన్ డ్యూకుకు విజ్ఞప్తి రాసిచ్చాడు, అది ఫలించింది కూడా. సమాజానికి విడిగా రాసిన హెబ్రీ లేఖలో మాత్రం ఆయన డ్యూకు మాటలో తప్పేమీ లేదన్నాడు. ప్రాచీనులు శవాన్ని గుహలో ఉంచి మూడు రోజులదాకా వెళ్లి చూసేవారని, అలా చూసినప్పుడు బతికి ఉన్నట్టు తేలిన ఒకడు మరో ఇరవై ఐదేళ్లు జీవించాడని దుఃఖవిధులకు సంబంధించిన ప్రాచీన గ్రంథం 'సెమాఖోత్' చెబుతుండగా, గుహలు మాని మట్టిలో పాతేవారు మరింత జాగ్రత్తపడాలి గదా అన్నది ఆయన తర్కం. ఎమ్డెన్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఒక అరుదైన ఉదంతాన్ని పట్టుకొని ఇశ్రాయేలు అంతటి ఆచారాన్ని వైద్యుల మాటకోసం వదులుకోవడం ధర్మానికే చేటని ఆయన వాదం. ఇద్దరూ మృతుని గౌరవం పేరుతోనే వాదించారు, ఇద్దరూ పాత గ్రంథాలనే చూపారు. మృతుని గౌరవం అంటే త్వరగా మట్టికి చేర్చడమా, బతికిలేడని తేలేదాకా ఆగడమా అన్న ప్రశ్న అంతకుముందు ఎవరికీ ఇంత సూటిగా ఎదురుకాలేదు.

మెండెల్‌సన్ మరణించిన మరుసటి ఏడాది, 1787లో, ఆయన శిష్యుడూ వైద్యుడూ అయిన మార్కుస్ హెర్ట్జ్ తొందర ఖననానికి వ్యతిరేకంగా జర్మనులో ఒక గ్రంథం ప్రకటించాడు. గుండె చప్పుడు, శ్వాస ఆగడం వంటి గుర్తులు నమ్మదగినవి కావని, శరీరం కుళ్లనారంభించడమే మరణానికి నిశ్చయమైన గుర్తని ఆయన వైద్యపరంగా వాదించాడు. బెర్లిన్ సంఘం వినిపించుకోలేదు. 1792లో ఆ నగరపు యువకులు ఐజాక్ ఆయ్‌ఖెల్ వంటివారి పూనికతో 'మిత్రుల సమాజం' స్థాపించి, తమ సభ్యులెవరినీ గడువు తీరకముందు పాతిపెట్టనివ్వబోమని నిశ్చయించుకున్నారు. పాత సంఘం ఆధిపత్యాన్ని కాదని బయటికి వచ్చిన ఆ యువకులు తమ సమాజపు మొదటి పనులలో పెట్టుకున్నవి, రోగంతో మంచానపడిన సభ్యుని పక్కన వంతులవారీగా కూర్చోవడం, ఆపదలో ఉన్నవారిని సొమ్ముతో ఆదుకోవడం, చనిపోయిన సభ్యుణ్ణి మర్యాదగా సాగనంపడం.

(సశేషం)